మందులంగడి పెట్టబోయే మా పాపకి

పాపా,

చింతామణి నుంచి ఎవరో వచ్చి నీ ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ అద్దెకు అడిగినారని మీ నాయన చెప్పినాడు. నెలనెలా దుడ్లు ఇస్తారంట. నువ్వు అంగడికి పోనక్కర లేదంట. ఇన్‌స్పెక్టరు వచ్చేట్టుంటే ముందుగా ఫోన్ చేస్తారంట, అప్పుడు పోయి కూర్చుంటే చాలంట. "ఊరికే వచ్చే దుడ్లే కదా, బాగేపల్లిలో మన అంగడి నిలదొక్కుకునే దాకా తీసుకుంటే ఏం పోతుంది?" అని ఇంట్లో అందరూ అంటున్నారంట. నువ్వు మాత్రం "పెద్దనాయనను అడిగి చెప్తా" అన్నావంట. అడిగినావు కాబట్టి చెప్తున్నా. వద్దు తల్లీ.

చట్టం ఒప్పుకోదు కాబట్టి వద్దు అంటే ఒక్క మాటలో అయిపోతుంది. కానీ నువ్వు చదువుకున్న పిల్లవు. చట్టం ఎందుకు ఒప్పుకోదో తెలియకపోతే రేపు ఇంకొకరు ఇంకొంచెం ఎక్కువ ఇస్తామన్నప్పుడు మళ్లీ సందేహంలో పడతావు.

ఈ దేశంలో ఒక కాలంలో మందు అమ్మడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఉప్పూ పప్పూ అమ్మే అంగట్లోనే మందులూ దొరికేవి. చలిజ్వరానికి క్వినైన్ అని కొనుక్కుంటే అందులో క్వినైన్ ఎంతుందో, వేరేది ఎంతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ గోల ఎక్కువైనందుకే 1930లో తెల్లదొరల ప్రభుత్వం కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. మందుకు ఒక చట్టం, మందు ఇచ్చే మనిషికి ఒక చట్టం, రెండూ కావాలని ఆ కమిటీ చెప్పింది. మందుకు చట్టం 1940లో వచ్చింది. దాని నియమాలు 1945లో వచ్చినాయి. మనిషికి చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చినాక 1948 మార్చిలో వచ్చింది. అదే ఫార్మసీ యాక్టు. దాంట్లో 42వ సెక్షన్ ఒక్కటి నువ్వు కంఠతా పట్టాలి. డాక్టరు చీటీ మీద మందు కలిపేదైనా, ఇచ్చేదైనా రిజిస్టర్ అయిన ఫార్మసిస్టే చేయాలి, వేరేవాళ్లు చేయకూడదు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా అని మొదట్లో రాసినారు. 1948లో వెయ్యి రూపాయలంటే చాలా పెద్ద మొత్తం.

నియమాల్లో 65వ నంబరు కూడా ఇదే మాట ఇంకొంచెం విడమరిచి చెప్తుంది. చీటీ మీద ఇచ్చే ఏ మందైనా ఫార్మసిస్టు చేతుల మీదుగా పోవాలి, లేదా అతను పక్కన ఉండి స్వయంగా చూస్తుండగా పోవాలి. స్వయంగా అన్నది గమనించు. గోడకు అద్దం బిగించి పెట్టిన కాగితం ఏ మందునూ చూడలేదు. చింతామణివాళ్లకు కావలసింది నీ కాగితం. చట్టానికి కావలసింది నువ్వు.

మన దగ్గర ఇంకొక గందరగోళం ఉంది. "ఇది సెంట్రల్ చట్టమా, స్టేట్ చట్టమా?" అని మీ నాయన కూడా అడిగినాడు. మందులూ, వైద్యవృత్తులూ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. చట్టం ఢిల్లీలో చేసినా నడిపేది బెంగళూరు. నీ పేరు ఉండే రిజిస్టరు కర్ణాటక స్టేట్ ఫార్మసీ కౌన్సిల్‌ది. నీ అంగడికి లైసెన్సు ఇచ్చేది, వచ్చి తనిఖీ చేసేది రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు. ఫార్మసిస్టు నడవడి బాగాలేదని తేలితే 36వ సెక్షన్ కింద పేరు కొట్టేసే అధికారం కూడా కౌన్సిల్‌దే. అంగడి ఒకరిది, కేసు ఒకరిది అనుకోవద్దు. అద్దెకిచ్చిన సర్టిఫికెట్‌తో నడిచే అంగట్లో ఎవరికైనా ఏదైనా అయితే, బిల్లు పుస్తకం మీద ఉండేది నీ పేరు. ఆ రోజు నువ్వు బాగేపల్లిలో ఉన్నావన్నది నిన్ను కాపాడదు. నువ్వు అక్కడ లేవని సాక్ష్యం చెప్తుంది.

2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే అన్నది. బీహార్‌లో నకిలీ ఫార్మసిస్టుల మీద ముకేశ్ కుమార్ అనే ఆయన వేసిన కేసులో, రిజిస్టర్ కాని మనుషుల చేతుల్లో మందులు పెట్టి పౌరుల ప్రాణాలతో ఆడుకోవడానికి వీల్లేదనీ, అట్లా జరక్కుండా చూడాల్సింది రాష్ట్ర ప్రభుత్వమూ ఫార్మసీ కౌన్సిలూ అనీ చెప్పింది. బీహార్ సంగతి మనకెందుకు అనుకోకు. మన తాలూకాలో కూడా గోడ మీద ఒక ఫొటో, గల్లా దగ్గర పదో తరగతి పిల్లోడు ఉన్న అంగళ్లు నీకు తెలియనివి కావు.

సరే, కాగితాల పని త్వరగా చెప్పేస్తా. ఫారం 20, ఫారం 21 లైసెన్సులు రెండూ తీసుకో. అంగడి కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. మీ నాయన చూపించిన బస్టాండు పక్క గది చూడ్డానికి చిన్నదిగా ఉంది, టేపు పెట్టి కొలిపించు. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకొకసారి ఫీజు కడుతూ ఉంటే నడుస్తుంది. 1961 నాటి షాపుల చట్టం కింద కూడా నమోదు చేయించు. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలని 2024లో రాష్ట్రం చట్టం సవరించింది. కన్నడమే పెద్దగా రాయించు. బోర్డు మీద కన్నడం, గల్లా దగ్గర తెలుగు. మన ఊళ్లో ఎప్పుడూ జరిగేది ఇదే.

ఆ తెలుగు సంగతే నీకు నిజంగా చెప్పాలనుకున్నది. బెంగళూరులో జయదేవలో చూపించుకున్నోళ్లు, నిమ్హాన్స్‌కు పోయొచ్చినోళ్లు, పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీలో ఆపరేషన్ చేయించుకున్నోళ్లు, ముద్దేనహళ్లి ఆస్పత్రికి పోయినోళ్లు, అందరూ చివరికి చీటీ పట్టుకుని బాగేపల్లి అంగడికే వస్తారు. డాక్టరు ఇంగ్లీషులో రాసినాడు, నర్సు కన్నడంలో చెప్పింది, మందు డబ్బా మీద ఇంగ్లీషూ హిందీ. మన గూళూరు అవ్వకు వచ్చింది తెలుగొక్కటే. ఆమెకు మొట్టమొదట ఆమె భాషలో "ఇది పరగడుపున, ఇది అన్నం తిన్నాక, ఇది పడుకునే ముందు" అని చెప్పే మనిషివి నువ్వే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన ప్రాక్టీస్ నియమాలు తెల్లకోటు వేసుకోమన్నాయి, దాని మీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ పెట్టుకోమన్నాయి, మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించమన్నాయి. కోటు వేసుకునేవాళ్లే తక్కువ, వివరించేవాళ్లు ఇంకా తక్కువ. నువ్వు రెండూ చెయ్. కోటు వేసుకుంటే ఊళ్లోవాళ్లు మొదట నవ్వుతారు. నెల తిరిగేసరికి నీ కోటు కనపడకపోతే "ఫార్మసిస్టమ్మ లేదా?" అని అడుగుతారు.

చెప్పకపోతే ఏమవుతుందో ఒకటి చెప్తా. మెథోట్రెక్సేట్ అని చదివే ఉంటావు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉన్నప్పుడు తయారుచేసిన మందు. కీళ్లవాతానికి ఇప్పుడు వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. రోజుకొకటి అనుకుని మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారానికొకసారి అని డాక్టరు రాసినా, చదవలేని మనిషికి అది ఉపయోగపడదు. వారంలో ఏ రోజు మింగాలో అడిగి, "సోమవారం సంత రోజా, శుక్రవారమా?" అని ఆ రోజును ఆ మనిషి చేత పలికించి, కవరు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి పంపు. పసిపిల్లలకిచ్చే పారాసెటమాల్ చుక్కల మందు కూడా అంతే. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పోతుంది. ఇంట్లో చెంచా వాడొద్దని, మూతకు ఉన్న గీతలు చూపించి చెప్పు. దగ్గు సిరప్ అడిగితే ముందు పిల్ల వయసు అడుగు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కలుషితమైన దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయినప్పుడు, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. అట్లాంటి రోజున ఫలానా బ్యాచ్ వెనక్కి పంపండి అంటే, నీ దగ్గర బిల్లూ బ్యాచ్ నంబరూ ఉంటేనే ఎవరికి పోయిందో తెలుస్తుంది. అందుకే నోటి లెక్క మీద, బిల్లు లేకుండా ఏ స్టాకిస్టు దగ్గరా సరుకు తీసుకోవద్దు. 10కి 1 ఫ్రీ స్కీము ఎంత బాగున్నా వద్దు.

ఇంకా అసలు కష్టం నొప్పి మాత్రల దగ్గర వస్తుంది. బాగేపల్లి, గుడిబండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో నీకు చెప్పనక్కర లేదు, మన పళ్లు చూస్తేనే తెలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. మన వైపు చాలా బోర్లు ఆ గీత ఎప్పుడో దాటినాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినోళ్లకు నడుం వంగదు, మోకాలు ముడవదు, మెడ తిరగదు. వాళ్లు దాన్ని వాయువు అంటారు, ముసలితనం అంటారు. పొద్దున్నే నీ అంగడికి వచ్చి "నొప్పులకు ఏదన్నా ఇవ్వమ్మా, పనికి పోవాల" అంటారు. టమోటా కోతకు, వేరుశనగ పీకడానికి పోయే మనుషులు. కూలి పోతే పూట గడవదు. అలాంటి మనిషి ముందు నియమం వల్లించడం ఎంత కష్టమో నాకు తెలుసు, సర్కారీ ఆస్పత్రిలో మందులిచ్చిన మనిషిని.

చాలా అంగళ్లలో ఏం చేస్తారంటే, నొప్పి మాత్ర ఒకటి, గ్యాసు మాత్ర ఒకటి, చిన్న తెల్ల మాత్ర ఒకటి, మూడూ కాగితంలో మడిచి ఇస్తారు. ఆ చిన్న తెల్లది స్టీరాయిడ్, డెక్సామెథాసోనో ప్రెడ్నిసొలోనో. సాయంత్రానికి నొప్పి మాయం. "ఆ అంగడోడి చెయ్యి మంచిది" అని పేరొస్తుంది. ఆరు నెలలకు ముఖం ఉబ్బుతుంది, సుగరు పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు ఆ మనిషి బెంగళూరు ఆస్పత్రిలో ఉంటాడు, మాత్రలిచ్చిన అంగడోడు ఇక్కడే ఉంటాడు, ఇద్దరినీ కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ మంచి పేరు నీకు వద్దు. చీటీ లేకుండా ఇవ్వగలిగేది పారాసెటమాల్. అది ఇచ్చి, ఎన్నాళ్ల నుంచి నొప్పి, ఏ ఊరు, ఏ బోరు నీళ్లు అని అడుగు. తాలూకా ఆస్పత్రికి పంపు, ఊళ్లో శుద్ధ నీటి యూనిటు ఉంటే అక్కడి నీళ్లు తాగమని చెప్పు. అడిగినందుకు నీకు గిట్టుబాటు లేదు. పారాసెటమాల్ మీద మిగిలేది పైసలే. ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందుల మీద అంగడివాడికి 16 శాతమే లెక్క కట్టినారు. అది తెలిసే అంగడి పెడుతున్నావు కదా.

డైక్లోఫినాక్ అనే నొప్పి మందు గురించి ఒక మాట, పక్కదారి అయినా చెప్తా. ఆ మందు పట్టిన గొడ్డు చచ్చిపడితే దాన్ని తిన్న రాబందులు చచ్చిపోయేవి. దేశంలో రాబందులు కనపడకుండా పోయింది దానివల్లే. 2006లో గొడ్లకు వాడడం ఆపినారు. అయినా మనుషుల పేరుతో పెద్ద సీసాలు కొని గొడ్లకు పొడిచేవాళ్లు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదని కుదించినారు. గొర్రెల కాపరి వచ్చి డైక్లో సూది మందు పది సీసాలు అడిగితే, ఎవరికో అడుగు.

కొన్ని యాంటిబయాటిక్‌లు, కొన్ని నిద్రమాత్రలు, టీబీ మందులు షెడ్యూల్ హెచ్‌వన్‌లో పెట్టినారు. 2014 మార్చి 1 నుంచి అది అమల్లో ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చినావు అన్నది వేరే పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో ఆరు నెలలు నింపే పుస్తకాలు చాలా చూసినాను. చూడగానే తెలిసిపోతుంది. నువ్వు అప్పటికప్పుడు రాయి. టీబీ రోగి వస్తే 2018 నుంచి మందుల అంగడి కూడా ఆరోగ్యశాఖకు తెలియజేయాలి. అది ఆ రోగి మీద ఫిర్యాదు కాదు. కోర్సు మధ్యలో ఆపకుండా ఎవరో ఒకరు వెంటపడతారు, అంతే.

కుర్రోళ్లు వస్తారు. టాపెంటాడాల్ స్ట్రిప్పులు అడుగుతారు, నీళ్లలో కరిగించి నరానికి పొడుచుకుంటారు. అల్ప్రజోలం డబ్బాలు అడిగేవాళ్లూ ఉంటారు. తెలంగాణలో కల్తీ కల్లులోకి పోయింది ఆ మందే. "స్టాకు లేదు" అని అబద్ధం చెప్పొద్దు, రేపు మళ్లీ వస్తారు. "చీటీ లేనిదే ఇవ్వను" అని ఒక్కసారి గట్టిగా చెప్తే ఆ మాట వాళ్లలో వాళ్లకే పాకిపోతుంది. ఎదురుగా ఒక కెమెరా పెట్టించు. రాత్రిపూట ఒంటరిగా అంగట్లో ఉండొద్దు, మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టుకో. వాడు బిల్లు కొట్టొచ్చు, మందు మాత్రం నువ్వే చూసి ఇవ్వు.

పల్లెల్లో ఆర్ఎంపీ అని పిలిపించుకునేవాళ్లు వస్తారు. సెలైన్ బాటిళ్లు, సెఫిక్సిమ్ డబ్బాలు మొత్తంగా తీసుకుంటామంటారు. ఒక్క బేరంలో నీ నెల అద్దె వచ్చేస్తుంది. కానీ రోగి కాని మనిషికి, మళ్లీ పంచడానికి అమ్మితే అది హోల్‌సేల్. నీ లైసెన్సు దానికి పనికిరాదు. లైసెన్సు లేకుండా అమ్మినందుకు పడే శిక్ష మూడేళ్లకు తక్కువ ఉండదు. వెయ్యి మంది లోపు ఉండే చిన్న ఊళ్లలో కిరాణా అంగడోళ్లు పారాసెటమాల్, ఆస్పిరిన్, గ్రైప్ వాటర్ లాంటి కొన్ని అమ్ముకోవడానికి షెడ్యూల్ కె కింద చట్టమే దారి ఇచ్చింది. అది వేరే.

ఆడపిల్లలు వస్తారు, గొంతు తగ్గించి అబార్షన్ కిట్ అడుగుతారు. నువ్వు ఆడదానివి కాబట్టే మగోళ్ల అంగడి దాటి నీ దగ్గరికి వస్తారు. ఇవ్వకూడదు, అది డాక్టరు చూస్తుండగానే వాడాల్సిన మందు, రక్తం ఆగకపోతే ప్రాణమే పోతుంది. కానీ కసిరి పంపొద్దు. చట్టం ప్రకారం ఆస్పత్రిలో గుట్టుగా చేస్తారని చెప్పి, తాలూకా ఆస్పత్రిలో ఏ డాక్టరమ్మను కలవాలో చెప్పి పంపు.

బీపీ, సుగరు రోగులతో ఇంకొక చిక్కు. ఏడాది కిందటి చీటీ తెస్తారు. డాక్టరు మళ్లీ ఇవ్వొచ్చని రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే ఇవ్వాలని నియమం. ఇచ్చినప్పుడు చీటీ మీద అంగడి పేరు, తేదీ వేయాలి. నా మటుకు నాకు, మన పల్లెల దూరాలు తెలిసి ఈ నియమం రాయలేదనిపిస్తుంది. బీపీ మాత్ర ఆగితే పక్షవాతం రావొచ్చు. అయినా దారి నియమంలోనే ఉంది. చూపించుకోవడానికి పోయినప్పుడు "ఎన్ని నెలలు వాడాలో, ఎన్నిసార్లు తీసుకోవచ్చో చీటీలో రాయించుకో" అని నీ రోగులకు నేర్పించు. డాక్టర్లకు రాయడానికి అభ్యంతరం ఉండదు, అడిగేవాళ్లు లేక రాయరు. రాసిన బ్రాండు నీ దగ్గర లేకపోతే నీ ఇష్టానికి వేరేది పెట్టొద్దు. ఫోన్ చేసి డాక్టరును అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఆన్‌లైన్‌లో ఇరవై శాతం తగ్గిస్తున్నారు, జన ఔషధిలో ఇంకా చవక, మన అంగడి నడుస్తుందా అని మీ అమ్మ భయపడుతోందంట. నడుస్తుంది, కాకపోతే నిదానంగా. మొదటి ఏడాది ఇంటి నుంచి పెట్టాల్సి వస్తుంది. చింతామణి అద్దె దుడ్లకు బదులుగా, అంగడి నిలబడే దాకా నెలకు కొంచెం నా పింఛనులోంచి పంపుతా. అది నీకు అప్పు కాదు, మీ నాయనకు మాత్రం అప్పనే చెప్పు, లేకపోతే తీసుకోనివ్వడు.

చింతామణి ఆయనకు ఫోన్‌లో చెప్పు, ఇంటికి మళ్లీ రానివ్వొద్దు. కోపంగా చెప్పక్కర లేదు. "నా పేరు మీద బాగేపల్లిలో లైసెన్సు వస్తోంది, ఇంకొక చోట పెట్టడానికి వీల్లేదు" అంటే ఆయనకు అర్థమవుతుంది. ఆయన అంగట్లో నిజంగా కూర్చునే ఫార్మసిస్టు కావాలంటే, నీతో చదువుకుని ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లలు ఉంటారు కదా, జీతం మాట్లాడుకుని పెట్టుకోమను.

గది కొలతలు తీసినాక నాకు ఫోన్ చెయ్. ఫ్రిజ్ కొనేటప్పుడు నేనూ వస్తా. ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి, మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే, ఇన్వర్టరు కూడా దాంతోపాటే బేరం చేద్దాం.

పెద్దనాయన